ముందు లోపం, తర్వాతే రంగు

మొన్న పోస్టులో ఒక కార్డు వచ్చింది. నల్ల అంచు, పైన సిలువ, కింద రేపల్లె చర్చిలో జ్ఞాపకార్థ కూడిక జరిగే వేళ. మధ్యలో ఆవిడ పేరు, పేరు కింద మూడు మాటలు: "దైవభక్తురాలు, నిరాడంబర జీవి, మృదుభాషిణి."

మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. మూడోదాని దగ్గర ఆగిపోయాను. మృదుభాషిణా? ఆవిడా? పాస్టరుగారి మేకని చెవి పట్టుకుని లాక్కొచ్చి, పాస్టరుగారింటి గుమ్మంలోనే ఆయన్ని నిలదీసిన మనిషి మృదుభాషిణి ఎలా అయింది? ఈ కార్డు ఆవిడ చేతిలోనే పెట్టి ఉంటే ఎర్ర పెన్సిల్ తీసి ఆ మాట మీద అడ్డంగా ఒక గీత గీసేవారు. "ఎవరు చూశారు? ఏ వేళ చూశారు?" అని అడిగేవారు.

కార్డుతో పాటు ఆవిడ మేనకోడలు ఒక చీటీ పెట్టింది. కూడికలో నన్ను కూడా రెండు మాటలు చెప్పమని. అది చదివిన దగ్గర్నుంచి ఈ మూడు రోజులూ నాకు వేరే పని సాగలేదు.

తెనాలిలో రైలు స్టేషనుకి ఎదురు సందులో, మేడ మీద, నాకో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఇంగ్లీషు మిషన్లు ఆరు, తెలుగు మిషను ఒక్కటి. పరీక్షలకి కట్టే పిల్లలంతా ఇంగ్లీషు మిషన్ల మీద పడేవారు. తెలుగుదాని మీద గుడ్డ కప్పి ఉంచేవాణ్ణి. ఎనభైల మధ్యలో ఒక శనివారం పొద్దున్న రేపల్లె పాసింజరు దిగి ఆవిడ మా మెట్లెక్కారు. తెల్లటి నేత చీర, చంకలో గొడుగు, చేతిలో మూడు గిన్నెల స్టీలు క్యారేజీ.

"వందనాలండి. మీ దగ్గర తెలుగు మిషను ఉందంట కదా?"

"ఉందండి. ఏంటి, అర్జీనా?"

"కాదు. పువ్వు."

క్యారేజీ పై గిన్నె మూత తీశారు. లోపల తడిగుడ్డ మీద ఒక మందారం. అలాంటిది నేను ఎప్పుడూ చూడలేదు. మధ్యలో చిక్కటి ఎరుపు, దాని చుట్టూ బూడిద కలిసిన ఊదా, అంచుకి వచ్చేసరికి ఆవపిండి పసుపు. కింది గిన్నెల్లో ఇడ్లీలు, పచ్చడి. మొగ్గని తెల్లవారక ముందే కోసి క్యారేజీలో పెడతారట. భట్టిప్రోలులో కదిలి, వేమూరు దాటేసరికి అది రైల్లోనే విచ్చుకుంటుంది. మందారానికి నీళ్లు అక్కర్లేదు, కోసినా సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. అయితే మధ్యాహ్నం నుంచి రంగు మారిపోతుంది. అందుకని ఎనిమిదింటికే దాని గురించి రాసెయ్యాలి.

ఆవిడ రేపల్లెలో, శనివారాలు సెలవుండే మిషన్ హైస్కూల్లో సైన్సు టీచరు. ఆ మాట ఆవిడ చెప్పకముందే అర్థమైంది. నేను కాగితం ఎక్కించి "అందమైన మందార పువ్వు" అని టైపు చేశానో లేదో ఎర్ర పెన్సిల్ దిగింది.

"అందమైన అని నేను చెప్పానా?"

"లేదండి, ఉంది కదా అని..."

"మీకు ఉంది. వర్షానికి రోడ్డు మీద జారిపడ్డవాడికి ఉండదు. చూసిన వేళ రాయండి. తర్వాత లోపాలు రాయండి. ఆ తర్వాతే కొలతలూ రంగూ."

"లోపాలు ముందే చెప్పేస్తే ఎవరు తీసుకుంటారండీ?"

"ముందు చెప్పకపోతే తర్వాత చెప్పేది ఎవరు నమ్ముతారు?"

అలా మొదలైంది. "కాడ బలహీనం. వానకి తల వాల్చేస్తుంది. పది మొగ్గల్లో మూడు విచ్చుకోకుండానే రాలిపోతాయి." ఆవిడ స్కేలు పెట్టి రేకుల్ని కొలుస్తూ చెబుతుంటే నేను కొట్టేవాణ్ణి. రెండో శనివారానికే ఆవిడ నోట నేను 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగాను. మూడో శనివారానికి ఇడ్లీలో నాకూ వాటా వచ్చింది.

ఇదంతా ఎందుకంటే, బాపట్లలో అప్పట్లో పూలమొక్కలు పెంచేవాళ్ల సంఘం ఒకటి ఉండేది. ఎవరైనా కొత్త రకం పుట్టిస్తే దాని పేరు తమ జాబితాలో ఎక్కించి అచ్చువేసేవారు. కాకపోతే నియమం గట్టిది. ముందు పువ్వు వివరం, రంగు నమూనాతో సహా పంపాలి. రెండేళ్ల తర్వాత ఆ మొక్కకి కట్టిన అంట్ల పువ్వులు అదే వివరానికి సరిపోవాలి. సరిపోతే జాబితాలోకి వస్తుంది, లేకపోతే లేదు. మొదట ఎవరికి వారే సరిచూసుకుని, తేడా ఉంటే నిజాయితీగా ఉత్తరం రాసెయ్యాలి. ఆవిడకి ఆ జాబితాలో ఒక్క వరస కావాలి. అంతకు మించి ఆవిడ ఏ కోరికా కోరగా నేను వినలేదు.

ఆ ఒక్క పువ్వు వెనక పదకొండేళ్లున్నాయి. ఆవిడ పెరట్లో ఖాళీ నూనె డబ్బాల్లో మందారాలు ఉండేవి. పొద్దున్నే చీమలూ తేనెటీగలూ లేవకముందే లేచి, ఒక పువ్వు పుప్పొడి తెచ్చి ఇంకో పువ్వు కాడ కొసకి అద్దేవారు. దోమతెర గుడ్డతో కుట్టిన చిన్న సంచి తొడిగి, తల్లి ఎవరో తండ్రి ఎవరో రాసిన చీటీ కట్టేవారు. కాయ ముదరడానికి నెలన్నర, గింజ మొలిచి పూయడానికి మరో ఏడాదిన్నర. ఆ పూసినదాన్ని ఒక్క చూపు చూసి, "ఫెయిల్" అనేవారు.

చీటీలు ఎప్పుడూ పెన్సిల్‌తోనే. "సిరా ఎండకి వెలుస్తుందయ్యా. పెన్సిల్ వెలవదు," అని ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఫెయిలైనవాటికి మాత్రం చీటీ ఉండదు. వాటిని పీకి, కొమ్మలు నరికి, చర్చి ఆవరణ దడికి గుచ్చేవారు. డబ్బా ఖాళీ అవ్వాలి కదా. అలా ఆ చర్చి చుట్టూ ఆవిడ ఓటములన్నీ ఏపుగా పెరిగి విరగబూసేవి. కొత్తగా వచ్చిన పాస్టరుగారు మురిసిపోయి, "ఎంత మంచి తోటండీ!" అంటే, "అవన్నీ ఫెయిలైనవండి," అన్నారట. ఆరాధన జరుగుతున్నంతసేపూ కిటికీలోంచి వాటికేసి గుర్రుగా చూస్తూ ఉండేవారని మేనకోడలు చెప్పేది.

రంగు నమూనా దగ్గర చిక్కొచ్చింది. బూడిద కలిసిన ఊదా అని నేను రాస్తే అది కాకి మెడ బూడిదా, కట్టెల బూడిదా అని ఆవిడ. పెద్ద సంస్థల వాళ్లకి రంగుల అట్టలు ఉంటాయట, మాకెక్కడివి? చివరికి ఆవిడకే తట్టింది. చీరాలలో నూలుకి రంగు అద్దేవాళ్లున్నారు కదా, పువ్వు చూపిస్తే ఆ రంగు నూలే అద్ది ఇస్తారు. సెలవుల్లో ఒకరోజు తెల్లవారుజామున బయల్దేరాం. పువ్వు క్యారేజీ ఒరిగిపోకుండా పట్టుకోవడం నా పని. లుంగీలు కొనుక్కోవచ్చని నేను వెళ్లానుగానీ, చీరాలలో ఆవిడ నన్ను ఒక్క కొట్టు కూడా ఎక్కనివ్వలేదు.

అద్దకం పెద్దాయన మోచేతుల దాకా నీలంగా ఉన్నాడు. పువ్వుని చాలాసేపు చూసి, "చీరకి అంచుగా వేస్తే ఇది అదిరిపోద్దమ్మా," అన్నాడు.

"చీర సంగతి తర్వాత బాబాయి. ఈ మూడు రంగులూ రెండేసి చిలపలు అద్ది పెట్టు. పదింటిలోపు కావాలి."

"ఉడకేసే గట్టి రంగైతే రేపు పొద్దుటికి ఇస్తానమ్మా. ఇప్పటికిప్పుడంటే మామూలు రంగే."

"రేపటికి పువ్వుండదు కదా."

"అయితే ఇదే పట్టుకెళ్లండి. ఉతకనంతకాలం ఏం కాదు."

చిలపంటే నూలు చుట్ట, మెలిపెట్టి ముడేసి ఇస్తారు. మూడు రంగులూ పువ్వు పక్కన పెట్టి చూస్తే ఎక్కడ పువ్వు ఆగి ఎక్కడ నూలు మొదలైందో తెలియలేదు. ఆవిడ మొహంలో అంత సంతోషం నేను మొదటిసారి చూశాను. ఒక్కో రంగులో ఒకటి బాపట్లకి వెళ్లింది. మిగిలిన మూడూ, "నీ దగ్గరే ఉంచు, ఉతకొద్దు," అని నాకిచ్చారు. ఎందుకు ఉతుకుతాను? మేడ మీద నా బల్ల ఎదురు గోడకి గుండుసూదులతో గుచ్చాను. వచ్చిన ప్రతివాడికీ దాని కథ చెప్పి గొప్పలు పోయేవాణ్ణి.

రెండేళ్లు గడిచాయి. వానలు మొదలైన ఒక శనివారం ఆవిడ అంటు మొక్క పువ్వు తెచ్చారు. గిన్నె మూత తీసి, గోడ దగ్గరికి వెళ్లి, పువ్వుని చిలపల పక్కన పెట్టారు. నేను మిషన్లో కాగితం ఎక్కించి ఎదురుచూస్తున్నాను.

"సరిపోలేదయ్యా."

లేచి చూశాను. నిజమే. పువ్వు చిక్కగా ఉంది, నూలు పలచగా ఉంది. తల్లి మొక్క పువ్వు, మిగిలిన అంట్ల పువ్వులు మరో రెండు శనివారాలు తెచ్చి చూశారు. అన్నీ అంతే.

"ఆ కాస్త తేడా ఎవరికి తెలుస్తుందండీ? బాపట్ల వాళ్లు మాత్రం భూతద్దం పెట్టి చూస్తారా?" అన్నాను.

"నాకు తెలిసింది కదా," అన్నారు. "నిలకడ లేని రకం ఇది. రాయి."

ఆ ఉత్తరం నేనే టైపు చేశాను. "నేను పంపిన వివరానికి నా మొక్క కట్టుబడలేదు. కావున నా దరఖాస్తు రద్దు చేయవలసినది." నాలుగు తప్పులు కొట్టాను. ఆవిడ ఒక్కటీ దిద్దలేదు. ఇడ్లీ గిన్నె తెరవకుండానే మధ్యాహ్నం బండికి వెళ్లిపోయారు. ఆ తర్వాత శనివారాలు రావడం మానేశారు. నేను ఎనిమిదింటికి మెట్ల వైపు చూడటం మాత్రం మానలేదు.

దసరాకి మిషన్లకి ఆయుధపూజ చేసే ముందు మూడేళ్లకోసారి గదికి సున్నం వేయించేవాణ్ణి. ఆ ఏడు సున్నం వేసేవాడు గోడ ఖాళీ చెయ్యమన్నాడు. సూదులు పీకి చిలపలు చేతిలోకి తీసుకున్నాను. మధ్యలో చిలప ముడి వదులై మెలి విడిపోయింది. లోపలి పోగులు బయటికొచ్చాయి.

లోపలి రంగు చిక్కగా ఉంది. చీరాలలో ఆ రోజు పువ్వు పక్కన పెట్టి చూసిన రంగే.

వెనక్కి తిరిగి చూశాను. గోడకి ఎదురుగా తూర్పు కిటికీ. రెండేళ్లపాటు రోజూ పొద్దున్న ఎండ వచ్చి ఆ చిలపల మీదే పడింది. పువ్వు మారలేదు. నూలు వెలిసింది.

మర్నాడు ఆదివారం. రేపల్లె బండెక్కాను. చర్చి వదిలే వేళకి ఆవిడ ఇంటికి వెళ్లాను. పెరట్లో నూనె డబ్బాలు కొన్ని బోర్లించి ఉన్నాయి. లెక్కపెట్టాను, ఆరు. తల్లి మొక్కదీ, ఐదు అంట్లవీ. చిలప తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ మెలి విప్పారు. నీడలో చూశారు. ఎండలోకి వెళ్లి చూశారు.

"ఎక్కడ పెట్టావు దీన్ని?"

"గోడకండి."

"ఏ గోడకి?"

"కిటికీ ఎదురు గోడకి."

"ఎన్నింటిదాకా పడుతుంది ఎండ?"

"పదింటిదాకా అండి."

నేను ఏడ్చాను. ముప్పై ఐదేళ్ల మగాణ్ణి, పెళ్లాం పిల్లలున్నవాణ్ణి, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. పదకొండేళ్ల పని, నాలుగు గుండుసూదులతో పాడుచేశాను. ఆవిడ లోపలికి వెళ్లి కాఫీ తెచ్చి పక్కన పెట్టారు.

"అన్ని శనివారాలూ నేను ఆ గోడ ఎదురుగానే కూర్చున్నానయ్యా. చీటీకి సిరా వాడితే వెలుస్తుందని ఊరంతా చెప్పుకు తిరిగినదాన్ని. ఉతకొద్దన్నాడు, ఉతకలేదు. అంతటితో నా తెలివి ఆగిపోయింది. తాగు, చల్లారిపోద్ది."

"మొక్కలు పీకేశారా అండీ?"

"పీకాను."

"మొత్తం?"

ఆవిడ గ్లాసు కింద పెట్టి నా వైపు చూశారు. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తట్టింది. గబగబా చర్చికి నడిచాం.

దడి వెంట ఆ వానాకాలం గుచ్చిన కొమ్మలు నలభై దాకా ఉన్నాయి. ఆ ఏడాది ఫెయిలైన అన్ని రకాలూ కలగలిసిపోయి, దేనికీ చీటీ లేకుండా, ఆకులన్నీ ఒకేలా ఉన్నాయి. పూస్తే తప్ప ఏది ఏదో చెప్పలేం. పైగా పాస్టరుగారి మేక ఒక కొసనుంచి చిగుళ్లు మేసుకుంటూ వస్తోంది. కార్డులో చెప్పిన మృదుభాషిణిని నేను చూసింది ఆ రోజే. చెవి పట్టుకుని మేకని పాస్టరుగారి గుమ్మం దాకా లాక్కెళ్లి, "దీన్ని కట్టెయ్యండి. లేకపోతే రేపట్నుంచి నేను వచ్చి చర్చి గేటులో కూర్చుంటాను, మీ ప్రసంగానికి ఒక్కర్నీ రానివ్వను," అన్నారు. ఆయన కట్టేశారు. ఏళ్ల తరబడి కట్టేసే ఉంచారు.

ఆవిడ ఫెయిలైనవాటికి నీళ్లు పోయడం అదే మొదలు. రోజూ బడికి వెళ్లేముందు రెండు బిందెలు. ఎండలు ముదిరే వేళకి ఒక బుధవారం పొద్దున్న మా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. బుధవారం ఆవిడ ఎందుకొస్తారు అనుకున్నాను. బడికి సెలవు పెట్టి వచ్చారు. క్యారేజీ బల్ల మీద పెట్టి, మూత నన్నే తియ్యమన్నారు. తీశాను. సొరుగులోంచి చిలప తీసి మెలి విప్పి పక్కన పెట్టాను.

పువ్వు ఎక్కడ ఆగిందో నూలు ఎక్కడ మొదలైందో తెలియలేదు.

బాపట్ల వాళ్లు పాత దస్త్రం ఎప్పుడో తీసేశారు, మళ్లీ మొదటినుంచీ రమ్మన్నారు. అంటే ఇంకో రెండేళ్లు. ఆవిడ సణగలేదు. ఈసారి చీరాల వెళ్లి రాత్రికి అక్కడే ఆగి, మర్నాడు పొద్దున్న పూసే ఇంకో మొగ్గ చూపించి, గట్టి రంగు ఉడకేయించుకుని వచ్చారు. ఆ చిలపలు బిస్కెట్ డబ్బాలో, నల్ల గుడ్డలో, మా ఇనప బీరువాలో ఉండేవి. తొంభైల మొదట్లో చివరి వివరం టైపు చెయ్యడానికి కూర్చున్నాం. "లోపాలు" దగ్గరికి వచ్చాం. కాడ బలహీనం, మొగ్గ రాలుడు, అన్నీ అయ్యాయి.

"ఇంకొకటి రాయి," అన్నారు. "మొదటి పరీక్షలో రంగు సరిపోలేదని పంపిన మాట తప్పు. అది మొక్క లోపం కాదు, పెంచిన మనిషి లోపం."

"మీ లోపం ఏంటండీ? చిలపలు గోడకి గుచ్చింది నేను. అలాగే రాస్తాను," అని కొట్టడం మొదలుపెట్టాను. ఎర్ర పెన్సిల్ దిగింది.

"పువ్వు కాగితంలో నీ ఊసెందుకు? చూసుకోవాల్సింది నేను. కొత్త కాగితం పెట్టు."

పెట్టాను. ఆవిడ చెప్పినట్టే కొట్టాను.

బాపట్లలో పరీక్ష పావుగంటలో అయిపోయింది. సరిపోయిందన్నారు. పేరు రాసే గడి అప్పటిదాకా ఖాళీగానే ఉంది. జాబితాలోకి వచ్చేదాకా పేరు పెట్టనని ఆవిడ పంతం. నేను రేపల్లె పేరనుకున్నాను, బైబిల్లో పేరనుకున్నాను. ఆవిడ పెన్సిల్ తీసి "శనివారం" అని రాశారు.

సంఘం పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నాడు. "శని పేరు పెడితే ఆ మొక్కని ఎవరు ఇంట్లో పెట్టుకుంటారమ్మా?"

"పెట్టుకోకపోతే మానెయ్యమనండి. నాకు వారంలో బాగున్న రోజు అదే."

తిరుగు ప్రయాణంలో ఆవిడ, జాబితా అచ్చయ్యాక అక్షరదోషాలు చూడాలని గుర్తుచేసి, కిటికీకి తల ఆనించి నిద్రపోయారు.

ఇన్‌స్టిట్యూట్ ఎత్తేసి చాలా కాలమైంది. తెలుగు మిషను మాత్రం ఇంట్లో ఉంచుకున్నాను. ఇవాళ శనివారం. పెరట్లో ఆవిడ కట్టిచ్చిన అంటు రెండు పువ్వులు పూసింది. పొద్దున్నే మిషను మీద గుడ్డ తీసి, కూడికలో చదవడానికి కాగితం ఎక్కించాను.

"చూసిన వేళ: శనివారం ఉదయం ఎనిమిది. లోపాలు: మాట కరుకు. మేకల మీద దయ లేదు. మెచ్చుకుంటే కోపం. తన తప్పు కానిదాన్ని తన పేరున రాయించుకుంటుంది." అక్కడ ఆగి, తర్వాతి వరసలో ఇంకో వాక్యం కొట్టాను: "చిలపలు కిటికీ ఎదురు గోడకి గుచ్చింది నేను."

ఎర్ర పెన్సిల్ కోసం కాసేపు ఎదురుచూశాను.